చాటింగ్‌కు తాళం వేసుకుంటే తప్పేంది?

మొన్న ఉగాది అయిన నెల రోజులకు మా చిన్నమ్మ కొడుకు గల్ఫ్ నుంచి ఇంటికి వచ్చేశాడు. సెలవు మీద కాదు. వీసా క్యాన్సిల్ చేసి, చేతిలో టికెట్ పెట్టి, కంపెనీ వాళ్లే ఎయిర్‌పోర్టులో దించిపోయారు. పోయేటప్పుడు ఏజెంటుకు కట్టిన అప్పులో సగం ఇంకా అట్లాగే ఉంది, నూటికి రెండు రూపాయల మిత్తి మీద. ఇందులో నా తప్పు చాలా ఉంది. అందుకే ఇది రాస్తున్నాను. నా తప్పు ఒప్పుకోవడానికి మాత్రమే కాదు. ఈ సంగతి విన్న మన వాళ్లు చాలామంది దీని నుంచి తప్పు పాఠం నేర్చుకుంటున్నారు, అది సరిచేయడానికి కూడా.

జరిగింది ఇది. తమ్ముడు ఒక కాంట్రాక్టు కంపెనీ క్యాంపు ఆఫీసులో టైమ్ కీపర్. ఎవరు ఎన్ని గంటలు పనిచేశారో రాసి పెట్టడం వాడి పని. నాలుగు నెలలుగా లేబర్‌కు ఓవర్‌టైమ్ డబ్బులు ఇవ్వడం లేదు. అందులో మన జిల్లాల వాళ్లూ ఉన్నారు, బీహారు వాళ్లూ ఉన్నారు. "అన్నా, ఎంబసీకి అర్జీ రాసియ్యవా, ఇంగ్లీషుల మంచిగ రాయాలె" అని అడిగాడు. పేర్లు, గంటలు, రావాల్సిన మొత్తం కావాలన్నాను. అవన్నీ వాడు చాట్‌లో కొద్దికొద్దిగా నాకు పంపాడు.

మామూలు చాట్ కాదు. నిరుడు ఎండాకాలంలోనే నేను టీమ్‌వ్యూయర్‌తో వాడి ఆఫీసు కంప్యూటర్‌లోకి వెళ్లి పిడ్జిన్ పెట్టాను, దానికి ఓటీఆర్ ప్లగిన్ తగిలించాను. పదిహేనేళ్లుగా ఐటీలో ఉన్నవాణ్ని, ఈ పని నాకు పది నిమిషాలు. చాట్ కిటికీలో "ప్రైవేట్" అని ఆకుపచ్చ అక్షరాలు కనిపించగానే, "ఇగ ఎవ్వడు చదవలేడు తమ్మీ, ఏదైనా రాయి" అన్నాను. ఆ మాట నమ్మి వాడు రాశాడు.

మూడు వారాల తర్వాత మేనేజర్ పిలిచి టేబుల్ మీద కాగితాలు పెట్టాడు. మా మాటలే. నేను రాసిన తెలుగు, వాడు రాసిన తెలుగు, ఇంగ్లీషు అక్షరాల్లో, తేదీలతో, టైముతో సహా. తెలుగు వచ్చినవాడు ఒకడు ఆఫీసులోనే ఉన్నాడు, చదివి చెప్పాడు. లిస్టులో పేర్లున్న ఇద్దరిని వేరే క్యాంపుకు మార్చారట. తమ్ముణ్ని ఇంటికి పంపారు.

ఎన్‌క్రిప్షన్‌ను ఎవరూ విరగ్గొట్టలేదు. ఆ అవసరమే రాలేదు. పిడ్జిన్ మనం మాట్లాడిన ప్రతి మాటనూ లాగ్ అనే ఫోల్డర్‌లో మామూలు అక్షరాల్లో దాచిపెడుతుంది. ఓటీఆర్ మాటలను లాగ్‌లో రాయొద్దని చెప్పే ఆప్షన్ ఒకటి ఉంది. నేను పెట్టిన వెర్షన్‌లో దానికి టిక్ లేదు, నేను చూడలేదు. దారిలో ఎవరూ విప్పకుండా కవరు గట్టిగా అంటించి, దాని నకలు ఒకటి కంపెనీ బల్ల మీదే వదిలిపెట్టినట్టు అయింది.

ఈ కథ మన మిత్రులు కలిసినచోట చెప్తే రెండు రకాల జవాబులు వచ్చాయి. ఒకరు, "చూసినవా, ఆ ఎన్‌క్రిప్షన్ అంతా వట్టిదే" అన్నారు. వయసులో పెద్దాయన ఇంకొకరు, "మంచి పని చేసేటోనికి దాచుడెందుకు? దొంగలకు కావాలె గదంతా" అన్నారు. రెండూ తప్పే. ముందు పెద్దాయన మాట తీసుకుంటాను, ఎందుకంటే మన వాళ్లలో ఎక్కువమంది మనసులో ఉన్నది అదే.

మా బాపు ఊరి బడిలో సారు. నా చిన్నతనంలో, ఎనభైల్లో, ఊళ్లో ఇంటికొకరు దుబాయికో మస్కట్‌కో పోతున్న రోజులు. అక్కడినుంచి ఉత్తరం వస్తే చదువురాని ఆడవాళ్లు మా ఇంటికి తెచ్చేవాళ్లు. బాపు మమ్మల్ని బయటికి పంపేవాడు. తలుపు దగ్గరికి వేసి, ఆమె ఒక్కదానికే వినపడేట్టు చదివేవాడు. జవాబు ఆమె చెప్పినట్టే రాసి, ఆమె ముందే అంటించి చేతికి ఇచ్చేవాడు. అమ్మ ఎన్నిసార్లు అడిగినా ఏ ఇంటి ముచ్చట ఏంటో చెప్పలేదు. ఆ ఉత్తరాల్లో దొంగతనాలు ఏముంటాయి? అత్త పెట్టే బాధ, పంపిన డబ్బుల లెక్క, పిల్ల జ్వరం, ఒక మొగుడు పెండ్లానికి రాసుకునే నాలుగు మాటలు. దాచుకోవాల్సిన తప్పేమీ లేదు. కానీ అవి ఇద్దరివి. మూడో మనిషి చదవాల్సి వస్తే నోరు మూసుకుని చదవాలన్నది ఆయన నియమం.

ఇప్పుడు మన ఉత్తరాలు చదివే మూడో మనిషి ఎవరు? మనలో చాలామంది జీమెయిల్‌లో తాళం గుర్తు చూసి మన చాట్ భద్రం అనుకుంటాం. ఆ తాళం మన కంప్యూటర్‌కూ గూగుల్‌కూ మధ్యే. గూగుల్ దగ్గర తెరుచుకుంటుంది, అక్కడినుంచి మళ్లీ తాళం వేసుకుని అవతలి వ్యక్తికి పోతుంది. మధ్యలో ఉన్న కంపెనీకి మాట మొత్తం కనపడుతుంది. యాహూ, స్కైప్‌లదీ అప్పట్లో ఇదే తీరు. మధ్యలో కూర్చున్నవాడు చదవాలనుకుంటే చదవగలడు.

చదువుతారా అని అడగక్కర్లేకుండా 2013 జూన్‌లో ఎడ్వర్డ్ స్నోడెన్ కాగితాలు బయటపెట్టాడు. ప్రిజం అనే కార్యక్రమంలో మైక్రోసాఫ్ట్, యాహూ, గూగుల్, ఫేస్‌బుక్, పాల్‌టాక్, యూట్యూబ్, స్కైప్, ఏఓఎల్, యాపిల్ పేర్లున్నాయి. మా సర్వర్లలోకి నేరుగా దారి ఇవ్వలేదని ఆ కంపెనీలు అన్నాయి. పాల్‌టాక్ పేరు చూసి మనలో కొందరు నవ్వారు, రాత్రుళ్లు ఆ గదుల్లో కూర్చుని అరుచుకున్న రోజులు గుర్తొచ్చి. ఇంకో కాగితం ప్రకారం 2013 మార్చి ఒక్క నెలలో ఇండియా నుంచి అమెరికా నిఘా సంస్థ సేకరించిన సమాచారం 630 కోట్ల ముక్కలు. దేశాల జాబితాలో మనది ఐదో స్థానం. ఇండియా ప్రభుత్వం తన వంతుగా సెంట్రల్ మానిటరింగ్ సిస్టమ్ అని సొంతది కట్టుకుంది.

అంటే మా బాపు చేసిన పని ఇప్పుడు యంత్రాలు చేస్తున్నాయి. తేడా ఒక్కటే. ఆయన్ను చదవమని అడిగింది ఆ ఉత్తరం గల మనిషి. వీళ్లను ఎవరూ అడగలేదు.

ఇక రెండో మాట. ఎన్‌క్రిప్షన్ వట్టిదేనా? కాదు. అది ఏ పని చేస్తుందో, ఏది చేయదో తెలియకుండా వాడిన నేను వట్టివాణ్ని.

ఓటీఆర్ అంటే ఆఫ్ ది రికార్డ్. 2004లో నికితా బోరిసోవ్, ఇయాన్ గోల్డ్‌బర్గ్, ఎరిక్ బ్రూవర్ అనే ముగ్గురు దీన్ని ఒక పరిశోధనా పత్రంగా ప్రచురించారు. ఇద్దరు మనుషులు ఒక గదిలో తలుపు వేసుకుని మాట్లాడుకుంటే ఎట్లా ఉంటుందో, ఇంటర్నెట్‌లో అట్లా ఉండాలన్నది వాళ్ల ఆలోచన. పిడ్జిన్ అంతకు ముందునుంచే ఉన్న ప్రోగ్రాం. దాని పాత పేరు గెయిమ్. ఏఓఎల్‌తో ట్రేడ్‌మార్క్ తగాదా తర్వాత 2007లో పేరు మార్చుకుంది. యాహూ, గూగుల్ టాక్, ఏఐఎం, ఐఆర్‌సీ అకౌంట్లన్నీ అప్పట్లో ఒకే కిటికీలో తెరిచేది. ఓటీఆర్ దానికి అతికే చిన్న ముక్క. మ్యాక్ వాడేవాళ్లకు ఏడియంలో అది ముందే కలిసి వస్తుంది. అన్నీ ఉచితమే, లోపలి కోడ్ ఎవరైనా చదువుకోవచ్చు.

ఇది చేసే పనులు నాలుగు. మొదటిది, మాట మన కంప్యూటర్‌లోనే తాళం పడి అవతలివారి కంప్యూటర్‌లోనే తెరుచుకుంటుంది. మధ్యలో ఉన్న కంపెనీకి కనపడేది ఓటీఆర్ అనే అక్షరాలతో మొదలయ్యే అర్థంకాని చెత్త. రెండోది, అవతల ఉన్నది మన మనిషేనా అని తేల్చుకునే వీలు. మూడోది, తాళంచెవులు మాటల మధ్యలోనే మారుతూ పోతాయి, పాతవి చెరిగిపోతాయి. రేపు ఎవరైనా మన కంప్యూటర్ ఎత్తుకుపోయినా, దారిలో నిన్న పట్టిపెట్టుకున్న చెత్తను విప్పలేరు. నాలుగోది చిత్రమైనది. మాట్లాడేటప్పుడు అవతలివాడు మనవాడేనని మనకు తెలుస్తుంది గాని, తర్వాత "ఇది ఫలానావాడే రాశాడు" అని మూడో మనిషికి గణితంతో రుజువు చేయడం కుదరదు. పీజీపీతో సంతకం చేసిన మెయిల్ అయితే ఆ సంతకం ఎప్పటికీ సాక్ష్యంగా నిలుస్తుంది. గదిలో మాట్లాడిన మాటకు సంతకం ఉండదు, ఓటీఆర్‌లోనూ ఉండదు.

ఇక్కడ ఒక గందరగోళం తీర్చాలి. జీమెయిల్ చాట్‌లో కూడా అప్పట్లో "ఆఫ్ ది రికార్డ్" అని ఒక ఆప్షన్ ఉండేది. పేరు ఒకటే, పని వేరు. గూగుల్‌ది నొక్కితే చాట్ మన హిస్టరీలో దాచేది కాదు, అంతే. మాట గూగుల్‌కు కనపడుతూనే ఉండేది. మన వాళ్లలో కనీసం నలుగురు "మేం వాడుతున్నం గదా" అని నాతో అన్నారు. వాళ్లు వాడేది రెండోది కాదు, ఇదే.

ఇప్పుడు చేయలేని పనులు. ఇవే మా తమ్ముణ్ని ముంచినవి.

ఓటీఆర్ దారిని కాపాడుతుంది, దారికి రెండు చివర్ల ఉన్న ఇళ్లను కాపాడదు. కంప్యూటర్ కంపెనీది అయితే, దాని అడ్మిన్ పాస్‌వర్డ్ కంపెనీ దగ్గర ఉంటే, అక్కడ తెర మీద కనపడే ప్రతి అక్షరం కంపెనీదే అనుకోవాలి. లాగ్ లేకపోయినా కీబోర్డు మీద నొక్కినవన్నీ రాసుకునే ప్రోగ్రాంలు ఉన్నాయి. పైగా పిడ్జిన్‌లో పాస్‌వర్డ్ సేవ్ చేస్తే అది ఒక ఫైల్‌లో మామూలు అక్షరాల్లో ఉంటుంది. తాళంచెవి అదే పెట్టెలో దాచి తాళం వేసినట్టు నటించడం మోసమని దాన్ని తయారుచేసినవాళ్లే చెప్తారు. వాళ్లు చెప్పింది నిజమే, నేనే చదవలేదు. మా చాట్ లాగ్ చదివినవాడు తమ్ముడి మెయిల్ కూడా తెరిచి ఉండొచ్చు.

ఎవరు ఎవరితో, ఎప్పుడు, ఎంతసేపు మాట్లాడారన్నది కూడా ఓటీఆర్ దాచదు. కవరు మీద అడ్రసు బయటే ఉంటుంది. గుంపుగా మాట్లాడే చాట్‌రూముల్లో ఇది పనిచేయదు. చాట్‌లోంచి ఫైల్ పంపితే ఆ ఫైల్‌కు తాళం పడదు. అవతలివాడు లైన్‌లో లేనప్పుడు పంపిన మెసేజ్ సరిగా అందదు. ఇంకా, ఆ నాలుగో గుణం, "నేను రాయలేదు" అనగలగడం, మేనేజర్ గదిలో ఎందుకూ పనికిరాదు. ఆయన తమ్ముణ్ని గణిత రుజువు అడగలేదు. ప్రింటు చూపించాడు, టికెట్ చేతిలో పెట్టాడు.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. ఇండియాలో ఐటీ చట్టానికి 2008లో చేసిన సవరణతో సెక్షన్ 69 కింద ప్రభుత్వం మెసేజ్ విప్పి ఇమ్మని ఆదేశించవచ్చు. సహకరించకపోతే 7 ఏళ్ల దాకా జైలు. బ్రిటన్‌లో రిపా చట్టం కింద తాళంచెవి ఇవ్వకపోతే మామూలుగా 2 ఏళ్లు, దేశ భద్రత కేసులో 5 ఏళ్లు. గల్ఫ్‌లో ఎట్లా ఉంటుందో 2010లో బ్లాక్‌బెర్రీ గొడవ చూపించింది. మెసేజ్‌లు తమకు అందుబాటులో లేవని యూఏఈ అక్టోబర్ 11 నుంచి ఆ సర్వీసులే ఆపేస్తామంది, చివరి రోజుల్లో వెనక్కి తగ్గింది. ఇండియా కూడా అదే ఏడాది ఆగస్టు 31 గడువు పెట్టింది. ఇంకో వింత. మన దేశంలో ఇంటర్నెట్ కంపెనీల లైసెన్సులో, అనుమతి లేకుండా 40 బిట్ల తాళం వరకే వాడాలని అప్పట్లో రాసి ఉండేది. బ్యాంకులేమో కనీసం 128 బిట్లు వాడాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. ఓటీఆర్ వాడేది 128 బిట్ల ఏఈఎస్. డబ్బుకు గట్టి తాళం కావాలని ఒక ఆఫీసు, మాటకు బలహీనమైన తాళం చాలని ఇంకో ఆఫీసు. మాట కంటే డబ్బు విలువైందని ఎవరు తేల్చారో నాకు అర్థం కాదు.

మరి ఏం చేయాలి? నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఎన్‌క్రిప్షన్ ముందుగా వాడాల్సింది గల్ఫ్‌లో ఇబ్బందిలో ఉన్న తమ్ముళ్లు కాదు. అమెరికాలో, ఇంగ్లండ్‌లో ఏ ఇబ్బందీ లేకుండా కూర్చున్న మనం.

కారణం ఇది. ఊళ్లో అందరూ కార్డు మీదే రాస్తే, ఒక్కడు కవరు అంటిస్తే, ఆ కవరే వాణ్ని పట్టిస్తుంది. "వీడేదో దాస్తున్నడు" అని. లోపల ఏముందో చదవక్కర్లేదు. అదే ఊరంతా కవర్లు వాడితే, పెండ్లి పిలుపు కూడా కవర్లోనే పోతే, కష్టంలో ఉన్నవాడి కవరు అందులో ఒకటి అవుతుంది. మనం రోజూ మాట్లాడే బతుకమ్మ పండుగ చందాలు, గ్రీన్‌కార్డు ముచ్చట్లు, అమ్మ మోకాళ్ల నొప్పులు, ఇవన్నీ తాళం వేసి పంపితే మనకు పోయేది ఏమీ లేదు. తాళం నిజంగా కావాల్సినవాడికి దాక్కోవడానికి గుంపు దొరుకుతుంది. దాచుకోవాల్సింది లేనివాళ్లే దీన్ని వాడాలి అని నేను అనేది అందుకే.

కష్టం అని కొందరంటారు. నిజమే. స్నోడెన్ మొదట సంప్రదించిన గ్లెన్ గ్రీన్‌వాల్డ్ అంతటి జర్నలిస్టే పీజీపీ పెట్టుకోవడం తలనొప్పి అని వారాలపాటు వాయిదా వేశాడు. కానీ ఓటీఆర్ దానికంటే చాలా తేలిక. ఒక ఆదివారం సాయంత్రం చాలు. నేను ఇప్పుడు మన మిత్రులకు పెట్టించేటప్పుడు చేసే వరుస ఇది.

మొదట మన సొంత కంప్యూటర్ అని తేల్చుకుంటాం. ఆఫీసుది అయితే అక్కడే ఆగిపోతాం. పిడ్జిన్, ఓటీఆర్ ప్లగిన్ వాటి అసలు సైట్ల నుంచే దించుకుంటాం. ప్రిఫరెన్సెస్‌లో లాగింగ్‌కు వెళ్లి ఇన్‌స్టంట్ మెసేజ్‌ల ముందున్న టిక్ తీసేస్తాం, పాత లాగ్‌లు చెరిపేస్తాం, ఓటీఆర్ సెట్టింగుల్లో లాగ్ చేయొద్దన్నదానికి టిక్ పెడతాం. పాస్‌వర్డ్ సేవ్ చేయం, ప్రతిసారీ కొడతాం. తర్వాత చాట్ మొదలుపెడితే ముందు "అన్‌వెరిఫైడ్" అని పసుపు రంగులో వస్తుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆగొద్దు. తాళం పడింది గాని, అవతలి చివర ఎవరున్నారో ఇంకా తేలలేదు. ఆథెంటికేట్ నొక్కి ఒక ప్రశ్న పెట్టాలి, ఇద్దరికే తెలిసిన జవాబు ఉండాలి. "మా అమ్మమ్మ బర్రెను ఏమని పిలిచేది?" అని నేను మా అక్కను అడిగాను. జవాబు లైను మీద పోదు, రెండువైపులా ఒకటేనా అన్నది మాత్రం తేలుతుంది. అప్పుడు ఆకుపచ్చ వస్తుంది. ఒకరు ప్రైవేట్ మాట ముగిస్తే రెండోవారికి "ఫినిష్డ్" అని వస్తుంది, అప్పుడు పొరపాటున తాళం లేని మాట పోకుండా ఆపుతుంది. అప్పట్లో జీమెయిల్ బ్రౌజర్‌లో కూడా తెరిచి ఉంటే చెత్త అక్షరాలు వచ్చేవి, అది మూసేస్తే సరిపోయేది.

గల్ఫ్‌లో ఉన్న తమ్ముళ్లకు మాత్రం నా మాట వేరు. కంపెనీ కంప్యూటర్‌లో జీతం తగాదా ముచ్చట ఒక్క అక్షరం రాయొద్దు, తాళం ఉన్నా సరే. పేర్ల లిస్టు అసలు చాట్‌లో పెట్టొద్దు. ఎంబసీకి స్వయంగా పోయి చెప్పుకోగలిగితే అదే మేలు. ఎవరైనా కంప్యూటర్ తెలిసిన అన్న "ఇగ ఎవ్వడు చదవలేడు" అంటే, "నా కంప్యూటర్ల ఏం మిగుల్తది?" అని తిరిగి అడగండి. నన్ను ఆ ప్రశ్న అడిగేవాళ్లు ఎవరూ లేరు. నన్ను నేను అడుక్కోవాల్సింది.

పోయిన నెల తమ్ముడితో మాట్లాడాను. ఊళ్లో మొబైల్ రీచార్జి దుకాణం పెట్టుకుందామని చూస్తున్నాడు. ఏజెంటు అప్పులో మిగిలింది నేను కడుతున్నాను. దానికి వాడు ఒప్పుకోవడానికి రెండు నెలలు పట్టింది. మాటల్లో అడిగాడు, "అన్నా, ఆ టిక్ ఒక్కటి పెట్టి ఉంటే గింత గాకుండె గదా?" అని. ఏమో, కంపెనీ కంప్యూటర్ కదా, ఇంకోలా దొరికేవాళ్లమేమో అన్నాను. వాడు కాసేపు ఊరుకుని, "లిస్టు అయితే పంపుడే గదా మరి, ఎట్ల పంపాలె?" అన్నాడు. ఓవర్‌టైమ్ డబ్బులు ఆ మనుషులకు ఇంకా రాలేదు. వాడి ధ్యాస ఇప్పటికీ దాని మీదే.

ఆ ప్రశ్నకు సరైన జవాబు చెప్పగల స్థితిలో మనం ఉండాలి. వచ్చే ఆదివారం కొంచెం తీరిక చేసుకుని, మీ ఇంట్లో ఎవరితోనో ఒకరితో, ఏ అవసరమూ లేని ముచ్చటతో, తాళం వేసి మాట్లాడడం మొదలుపెట్టండి. తప్పులు మన దగ్గర చేసి నేర్చుకుందాం. వాళ్ల దగ్గర తప్పు చేస్తే టికెట్ చేతిలో పెడతారు.